నీలవేణికి ముప్పై ఎనిమిది ఓట్లు

నీళ్లబండ,
15 జూన్ 2025.

ఖాలమ్మకు, రుహీ సలాం.

క్షేమంగా చేరాను. తాడ్వాయి దాకా బస్సు, అక్కడి నుంచి పదకొండు కిలోమీటర్లు అడవిలో ఆటో. వాగు దగ్గర ఆటో ఆగిపోయింది. పెట్టె నెత్తిన పెట్టుకొని మోకాలి లోతు నీళ్ళలో దాటాను. లెక్కల టీచరు అలా వస్తుంటే గురుకులం గోడ మీద ఆడపిల్లలు వరసగా కూర్చొని చూశారు.

ఇక్కడ ఫోన్ టైం చూసుకోవడానికి, టార్చి వేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. టవరు నిలబెట్టారు కానీ ఇంకా మొదలుకాలేదట. బడి వెనక గుట్ట ఎక్కితే ఒక గీత సిగ్నలు వస్తుంది. నిన్న ఎక్కి నీకు ఫోన్ చేశాను. నువ్వు హలో అన్నావు, ఎవరు అన్నావు, అంతే, తెగిపోయింది. దిగేటప్పుడు చెప్పు కూడా తెగింది. అందుకే ఈ ఉత్తరం. పోస్టాయన మంగళవారం, శుక్రవారం వస్తాడు. నీ చేతిరాత బాగుంటుంది కదా, రాయి.

తిండికి కొదవ లేదు. పొద్దున కిచిడీ, మధ్యాహ్నం సాంబారు, గుడ్డు, ఆదివారం కోడికూర. సాంబారులో మునక్కాయ దొరికిన వాళ్ళు ఆ రోజంతా అదృష్టవంతులు.

అసలు కష్టం వేరే ఉంది. హాస్టల్ టీవీ పని చేయదు. బీఈడీ అయ్యేదాకా నాలుగేళ్ళు నీ ఇంట్లో ఉండి, ప్రతి సాయంత్రం నీ పక్కన కూర్చొని చూసిన ‘నీలవేణి నిలయం’ ఇలా మధ్యలో ఆగిపోయింది. నా ఎనిమిదో తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు. సెలవుల్లో వాళ్ళూ ఇళ్ళ దగ్గర అదే చూశారట. మొదటి రోజు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “మేడం, వజ్రాల గొలుసు ఎవరు తీసిండ్రు?” కథ ఎక్కడిదాకా వచ్చిందో వారం వారం రాసి పంపు. ఖాలమ్మ అంటే మా అమ్మ తోడబుట్టినదని వాళ్ళకు చెప్పాను, సాయంత్రం మరమరాలు పెట్టే టైంలో చదివి వినిపిస్తాను. మాకు నువ్వే టీవీ.

నీ
రుహీ

---

కాశిబుగ్గ,
21 జూన్.

రుహీ బేటాకు, ఖాలమ్మ దుఆలు.

ఎవరు అన్నది నీ గొంతు గుర్తుపట్టక కాదు. కళ్ళజోడు మిషన్ దగ్గర మర్చిపోయి ఫోన్ ఎత్తాను, పేరు కనిపించలేదు. నేను గుర్తుపట్టేలోపే తెగింది. తర్వాత చాలాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకొని కూర్చున్నాను, మళ్ళీ వస్తుందేమోనని. చెప్పులు కొత్తవి కొనుక్కో.

నువ్వు పోయిన దగ్గర్నుంచి వంట లెక్క తప్పుతోంది. చెయ్యి దానంతటదే రెండు గ్లాసుల బియ్యం పోస్తోంది. ఒక టమాటా కోస్తే సగం మిగులుతుంది, ఆ సగాన్ని మర్నాడు చూస్తే తినబుద్ధి కాదు. అందుకని మొన్న నువ్వు ఫోన్‌లో ఎక్కించి పోయిన యాప్ తెరిచి బిర్యానీ చెప్పాను. తెచ్చే అతను పక్క గల్లీలో నిలబడి ఫోన్ చేశాడు. “అమ్మా, మ్యాప్‌ల మీ ఇల్లు మజీదు గోడ లోపల చూపిస్తాంది” అన్నాడు. నేను గడపలో నిలబడి చెయ్యి ఊపుతూనే ఉన్నాను, అతను మ్యాప్ చూస్తూ రెండుసార్లు నా ముందు నుంచే పోయాడు. పాపం చెమటలు కక్కుతుంటే లోపలికి పిలిచి నీళ్ళిచ్చాను. సంచీలో రెండు స్పూన్లు పెట్టి పంపారు. ఒకదాన్ని కడిగి దాచాను.

ఇంకో వింత. తెలియని నంబరు నుంచి రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మ వస్తోంది. మంచు బిందువులతో, గుడ్ మార్నింగ్ అని. రెండు వారాలైంది. ఎవరో చీరకు ఫాల్ కుట్టించుకున్నవాళ్ళు అయి ఉంటారు. ఎవరైతేనేం, పొద్దున్నే నన్ను తలిచే మనిషి ఒకరున్నారని నవ్వుకుంటున్నాను.

ఇక సీరియల్. వజ్రాల గొలుసు తీసింది ఆడపడుచే. తీసి పూజగదిలో బియ్యం కుండలో దాచి, నీలవేణి మీదికి పోలీసులను పంపింది. నీలవేణి ఇన్‌స్పెక్టర్ ముందే వాళ్ళాయన ఫోటోకి దండ సర్దింది. అక్కడ ఆపేశారు శుక్రవారం. ఆ దండ ఫోటో గుర్తుందా, పడవ మునిగి చనిపోయాడన్న రఘురాం? ఫోటో మీద గాలికి దండ ఊగింది. ఏదో జరగబోతోంది.

నా మోకాలు మామూలే. రాత్రిళ్ళు తలుపు గొళ్ళెం రెండుసార్లు చూసుకుంటున్నాను, అది కొత్త అలవాటు.

నీ మేలు కోరే
సుల్తానా ఖాలమ్మ

---

నీళ్లబండ,
28 జూన్.

ఖాలమ్మా, సలాం.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది, శుక్రవారమే చదివాను. బియ్యం కుండ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు మరమరాలు నమలడం ఆపేశారు. ఇన్‌స్పెక్టర్ గొంతు లావుగా పెట్టి చదివాను. వంటగది నుంచి ఆయమ్మలు కూడా వచ్చి నిలబడ్డారు. గొలుసు దొరికిందా? ఆడపడుచు దొరికిపోయిందా? వకీలు వస్తాడని ఒకామె, దేవుడే చూపిస్తాడని ఒకామె, ఇవాళంతా క్లాసులో ఇదే గొడవ. దండ ఎందుకు ఊగిందో తొందరగా రాయి, నా పరువు నీ చేతుల్లో ఉంది.

గులాబీల నంబరు బ్లాక్ చెయ్యి. ఇలాంటివన్నీ మోసాలు.

మిగతా సంగతులు తీరిగ్గా రాస్తాను. యూనిట్ పరీక్షల పేపర్లు నాలుగు కట్టలున్నాయి.

తొందరలో,
రుహీ

---

కాశిబుగ్గ,
6 జూలై.

నా బంగారానికి, దుఆలు.

పక్కింటి కట్టమ్మ రీల్స్ చేయడం మొదలుపెట్టింది. మగ్గం ముందు కూర్చొని పాటకు పెదాలు కదుపుతుంది, వాళ్ళాయన వెనకాల నిజంగానే నేస్తుంటాడు. పదకొండు వేల మంది చూశారట. నన్ను కూడా పక్కన కూర్చోమంది. కూర్చున్నాను గానీ ఎక్కడ చూడాలో తెలియక గోడ వైపు చూశాను. “సుల్తానక్కా, నువ్వు ఫోటో దిగినట్టు కూసున్నవ్” అని తీసేసింది.

గులాబీలు ఇంకా వస్తున్నాయి. బ్లాక్ చేయలేదు.

సీరియల్ చెప్తాను, జాగ్రత్తగా విను. ఈ వారం పెద్ద మలుపు. రఘురాం చనిపోలేదు. పడవ మునిగింది నిజమే, కానీ అతను ఈదుకుంటూ వేరే ఊరు చేరాడు. ఆ ఊళ్ళో ఇంకో ఆమెను పెళ్ళి చేసుకొని ఇరవై రెండేళ్ళు కాపురం చేశాడు. ఆమె పోయిన ఏడు పోయింది. ఇప్పుడు అతనికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నీలవేణికి కబురు పంపాడు, ఒక్కసారి రమ్మని. కబురంటే ఉత్తరం కాదు, అతని గొంతే వినిపించారు. నీలవేణి ఆ గొంతును మొదట గుర్తుపట్టలేదు. తర్వాత మళ్ళీ మళ్ళీ పెట్టుకొని విన్నది. ఆ గొంతు ముసలిదైపోయింది. ఆమెకు కోపం రాలేదు. కోపం ఎందుకు రాలేదా అని ఆమే ఆశ్చర్యపోయింది.

పోవాలా వద్దా అనేది ఆమెకు తెలియడం లేదు. అడగడానికి మనుషులు కూడా పెద్దగా లేరు ఆమెకు. అక్కడ ఆగింది.

మీ పిల్లలేమంటారో కనుక్కొని రాయి. నువ్వేమంటావో కూడా.

నీ
ఖాలమ్మ

---

నీళ్లబండ,
13 జూలై.

ఖాలమ్మకు సలాం, నలభై ఇద్దరు పిల్లల దండాలు.

నువ్వు వేసిన బాంబు ఇక్కడ పేలింది. రఘురాం బతికున్నాడని చదవగానే ఇద్దరు పిల్లలు నిజంగా ఏడ్చారు. నాకైతే ఈ డైరెక్టరుకు ఇంత తెలివి ఎక్కడిదా అనిపించింది. గొలుసు సంగతి గాలికొదిలేశాడు గానీ, పోనీ. గొంతు మళ్ళీ మళ్ళీ విన్నదని రాశావే, ఆ వరుస నేనూ మళ్ళీ చదివాను.

పిల్లలేమంటారో కనుక్కోమన్నావు కదా, ఓటింగు పెట్టాను. చేతులెత్తించి లెక్కపెట్టాను. పోవాలి అన్నవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. వద్దు అన్నవాళ్ళు నలుగురు. ఆ నలుగురికి నాయకురాలు భవాని అని, ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే పిల్ల. లేచి ఏమందో తెలుసా? “చెయ్యి పడిపోయిందని పిలిచిండు గని, ఆమె యాదికొచ్చి పిలువలే గద మేడం.” అందరూ దాన్ని కూర్చోబెట్టేశారు. సీరియల్ అన్నాక మొగుడూ పెళ్ళాలు కలవకపోతే ఎలా?

వాగు పెరుగుతోంది. పోస్టాయన మంగళవారం వస్తే ఈ ఉత్తరం వస్తుంది, లేకపోతే ఇక శుక్రవారమే.

రుహీ

---

కాశిబుగ్గ,
18 జూలై.

రుహీకి,

ఉత్తరం అందింది. తడిసి, అక్షరాలు కొంచెం పాకాయి. ముప్పై ఎనిమిది అన్నది ఎండలో పెట్టి చదువుకున్నాను.

రెండు రోజులు జ్వరం వచ్చింది, తగ్గింది. పడుకొని ఫోన్‌ను అడిగాను, నువ్వు నేర్పినట్టే, జ్వరం వచ్చింది ఏం చేయాలని. అందులోని ఆడమనిషి దగ్గర్లో ఉన్న దవాఖానల పేర్లు వరసగా చదివింది. మర్యాదగా మాట్లాడుతుంది. నీళ్ళు ఇస్తావా అని కూడా అడిగాను, ఊరికే. క్షమించండి, అర్థం కాలేదు అంది. కట్టమ్మ వాళ్ళు పెళ్ళికి పోయారు, లేకపోతే ఆమె వచ్చేదే.

సీరియల్లో ఈ వారం పెద్దగా ఏమీ జరగలేదు. నీలవేణి ఆలోచిస్తోంది. పెట్టెలోంచి మంచి చీర తీసి చూసింది, మళ్ళీ పెట్టేసింది.

పిల్లల సంగతి రాశావు. నువ్వు చెయ్యి ఎత్తావా లేదా రాయలేదు.

సుల్తానా

---

నీళ్లబండ,
25 జూలై.

ఖాలమ్మా,

జ్వరం తగ్గింది కదా, సరే. వర్షాకాలం, నీళ్ళు కాచుకొని తాగు.

నేను చెయ్యి ఎత్తానా అని అడిగావు. నిజం చెప్పాలంటే ముందు ఎత్తింది నేనే, నన్ను చూసే సగం మంది ఎత్తారు. పోవాలనే అంటాను. అంత పెద్ద ఇంట్లో ఒక్కతే ఉండి ఏం సాధిస్తుంది చెప్పు? పట్టుదల వయసులో ఉన్నప్పుడు బాగుంటుంది. రేపు మంచాన పడితే మంచినీళ్ళిచ్చేవాళ్ళుండరు. అతను తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు, పిలిచాడు. ఇంకేం కావాలి? ఈ వారం ఆలోచనలతోనే సరిపెట్టేశారేమిటి, పిల్లలు విసుక్కుంటున్నారు. త్వరగా బయల్దేరదీయమని ఆ డైరెక్టరుకు చెప్పు.

ఇంగ్లీషు టీచరు శోభారాణి గారు వారం సెలవు మీద హనుమకొండ వెళ్తున్నారు. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి అక్కడ పోస్టు చేయమంటున్నాను. తొందరగా చేరుతుంది.

ప్రేమతో,
రుహీ

---

కాశిబుగ్గ,
30 జూలై.

రుహీ బేటాకు,

నీలవేణి పోయింది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంతవరకే చూపించారు.

కొన్నాళ్ళు నా ఉత్తరం రాకపోతే ఫికర్ చేయకు. శ్రావణమాసం, ఫాల్ పని ఎక్కువగా ఉంటుంది. నువ్వు కాశిబుగ్గకే రాయి, ఇక్కడికే.

నువ్వు చెప్పిన మాట సబబుగానే ఉంది. నేనూ అలాగే అనుకున్నాను.

దుఆలతో,
ఖాలమ్మ

---

నీళ్లబండ,
5 ఆగస్టు.

ఖాలమ్మకు,

శోభారాణి గారు నిన్న తిరిగొచ్చారు. సాయంత్రం నేను పిల్లలకు నీ ఉత్తరం చదువుతుంటే వెనక నిలబడి విన్నారు. కిటికీ సీటు దాకా విని, “ఇదెక్కడి కథ? ఆ సీరియల్ జూలై నాలుగునే అయిపోయింది కదా” అన్నారు. గొలుసు దొరికిందట, ఆడపడుచు కాళ్ళ మీద పడిందట, అందరూ గ్రూప్ ఫోటో దిగారట. రఘురాం పడవ మునిగి పోయినవాడు పోయినట్టే ఉన్నాడట.

నలభై ఇద్దరు పిల్లల ముందు నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో. లెక్కల టీచరును నేను. రెండూ రెండూ నాలుగు అని చెబితే నమ్మాలి వాళ్ళు. ఒక పిల్ల నెమ్మదిగా అడిగింది, “మీ ఖాలమ్మ మనల్ని ఆట పట్టించిందా మేడం?”

నెల రోజులుగా నేను రాసినవన్నీ చదువుతూ నవ్వుకున్నావా? ఓట్లు లెక్కపెట్టి పంపిస్తే, గొంతు మార్చి చదివానని రాస్తే? అయిపోయింది అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అంత కథ కల్పించి రాయడానికి నీకు వేరే పనేమీ లేదా?

జవాబు రాయనక్కర్లేదు.

రుహీ

---

కాశిబుగ్గ, నీ గడప మీద,
9 ఆగస్టు, మధ్యాహ్నం.

ఖాలమ్మా,

పేపరు లేదు. నోట్‌బుక్‌లోంచి చింపిన పేజీ మీద రాస్తున్నాను. రెండో శనివారం కదా, మొహం చూసి పోట్లాడదామని వచ్చాను. రాఖీ పండుగ రద్దీ, ములుగు నుంచి నిలబడే వచ్చాను. దారంతా నీతో అనాల్సిన మాటలు వరస పెట్టుకున్నాను.

తాళం ఉంది. కట్టమ్మ బయటికి వచ్చి చెప్పింది. “మరిపెడ పోయింది బిడ్డా, ఆమె పెనిమిటి కాడికి. ఆయనకు చెయ్యి పడిపోయిందట, ఫోన్‌ల పిలిచిండట. మంచి చీర కట్టుకొని పోయింది. నీకు తెల్వదా?”

నాకు తెలుసు ఖాలమ్మా. నాకే తెలుసు. అన్నీ నాకే రాశావు.

నీకు పెళ్ళయిందనీ, అతను మరిపెడలో ఇంకో పెళ్ళి చేసుకుంటే నువ్వు వచ్చేశావనీ అమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ పేరు ఎత్తొద్దని కూడా చెప్పింది. నాలుగేళ్ళు నీ అన్నం తిని, నీ పక్కన పడుకొని, నేను ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వు అడిగితే మాత్రం చేతులెత్తించి లెక్కపెట్టి పంపాను. జ్వరం వచ్చిందని రాస్తే నీళ్ళు కాచుకొని తాగమన్నాను. ఆ పక్క పేరాలోనే, మంచాన పడితే నీళ్ళిచ్చేవాళ్ళుండరని నీలవేణి గురించి రాశాను. అది నువ్వు ఎలా చదివి ఉంటావో ఇప్పుడు ఈ మెట్టు మీద కూర్చుంటే అర్థమవుతోంది.

ఆరుసార్లు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. బస్టాండుకు వెళ్ళి మరిపెడ బస్సు ఎక్కాలనుంది. కానీ వచ్చి ఏమనాలి? నవ్వుకుంటూనే పోయిందని కట్టమ్మ అంటోంది. ఒకవేళ నీకు అక్కడ బాగుంటే? నీకు ఇష్టమయ్యే పోయి ఉంటే, మధ్యలో నేనెవరిని? అదీ కాక రేపు సాయంత్రం ఆరుకల్లా డ్యూటీలో ఉండాలి.

నేను ఐదో తేదీన రాసిన ఉత్తరం ఇంట్లోకి తోసేసి ఉంటాడు పోస్టాయన. తలుపు సందులోంచి వేళ్ళు పెట్టి చూశాను, అందలేదు. అది చదవకు. ముందు ఇది దొరికితే అది చదవకుండా చింపెయ్యి.

రుహీ

---

కాశిబుగ్గ,
17 ఆగస్టు.

రుహీ బేటాకు, నీ ఖాలమ్మ ప్రేమతో రాసేది.

గురువారం మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. తలుపు తీయగానే రెండూ కాళ్ళ దగ్గర కనిపించాయి. ముందు ఐదో తేదీదే చదివాను. చింపలేదు. కోపంలో రాసినా నీ అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి. తర్వాత రెండోది చదివాను. చదివి, మంచం మీద దుమ్ము దులపకుండానే పడుకున్నాను.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

సీరియల్ అయిపోయిన మర్నాడు నీకు రాద్దామని కూర్చున్నాను. అయిపోయింది, అందరూ బాగున్నారు అని రాశాను. తర్వాత ఏం రాయాలో తోచలేదు. నాలుగు చీరలకు ఫాల్ కుట్టాను, పాలు విరిగాయి అని రాసి చదువుకుంటే, దీని కోసం పోస్టాయన వాగు దాటాలా అనిపించింది. నీ ఉత్తరం తీసి మళ్ళీ చూశాను. నీలవేణి గురించి పది వరుసలున్నాయి, నా గురించి ఒకటుంది, నంబరు బ్లాక్ చేయమని. తప్పు పట్టడం లేదు బేటా. చిన్నపిల్లవు, కొత్త చోటు, పని. నీకు కావలసింది పంపితే నువ్వు రాస్తూ ఉంటావని మాత్రం అర్థమైంది. నేను నీకు తల్లిని కాను. సెలవులొస్తే నువ్వు పోయేది మహబూబాబాద్, మీ అమ్మానాన్నల దగ్గరికి. అది న్యాయమే. నాకు ఉన్నది ఆ సీరియలే.

ఆ వారమే ఆ గొంతు వచ్చింది, గులాబీల నంబరు నుంచి. “సుల్తానా, నేను ఖాజా పాషాను. కుడిచెయ్యి లేస్తలేదు. ఇంట్ల ఎవ్వరు లేరు. ఒక్కపారి వచ్చిపో.” ఎవరిని అడగాలి? మీ అమ్మను అడిగితే అరుస్తుంది. నిన్ను నేరుగా అడగడానికి సిగ్గేసింది. యాభై నాలుగేళ్ళ మనిషి ఇరవై ఆరేళ్ళ పిల్లను ఇలాంటిది ఎలా అడుగుతుంది? అందుకని నీలవేణి మీద పెట్టి అడిగాను. ఆట పట్టించడానికి కాదు. మీ పిల్లలకు చెప్పు.

నువ్వు పొమ్మన్నందుకే పోయాననుకోకు. నాకే పోవాలని ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఒక మనిషి రోజూ పొద్దున్నే గులాబీ పంపి పంపి, ధైర్యం చేసి పిలిచాడనుకున్నాను. ఆ గులాబీలన్నీ ఫోన్‌లో దాచుకున్నాను. యాభై మూడు.

మరిపెడలో రోడ్డు పక్కనే ఇల్లు. ముందు టైర్ల దుకాణం, ఇప్పుడు మూతపడింది. అతను మంచం మీద కూర్చొని ఎడమచేత్తో ఫోన్ చూస్తున్నాడు. తలెత్తి, “వచ్చినవా. బియ్యం ఆ డబ్బల ఉన్నయ్” అన్నాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత మొదటి మాట అది. నేను బురఖా తీసి కొంగు నడుముకు చుట్టి వంట చేశాను. తిన్నాడు. బాగుందనీ అనలేదు, బాగా లేదనీ అనలేదు. తింటున్నంతసేపూ ఫోన్‌లో ఎవరెవరో గెంతుతూ పాడుతూనే ఉన్నారు.

చెడ్డగా చూడలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఒక్క మాట కూడా తూలలేదు. మందులు ఇస్తే వేసుకునేవాడు. చొక్కా తొడిగితే చెయ్యి ఇచ్చేవాడు, పడిపోయిన ఆ చెయ్యి బరువుగా, చల్లగా ఉండేది. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు మాత్రం జాలేసేది. కానీ నన్ను ఏమీ అడగలేదు. ఇన్నేళ్ళు ఏం చేశావు, ఎట్లా బతికావు, ఏదీ లేదు. నేను చెప్పబోతే టీవీ గొంతు పెంచేవాడు.

నీ ఫోన్ ఆరుసార్లు మోగింది. చూస్తూ కూర్చున్నాను. గుట్ట ఎక్కి చేస్తున్నావనుకున్నాను. నీ గొంతు వింటే ఏడుస్తానని భయమేసి ఎత్తలేదు. నువ్వు ఆ టైంలో నా గడప మీద కూర్చున్నావని తెలిస్తే నడిచైనా వచ్చేదాన్ని.

పన్నెండో రోజు గులాబీల సంగతి నేనే అడిగాను. రోజూ పంపేవాడివి కదా, నా నంబరు ఎవరిచ్చారని. అతను నిజంగా అర్థం కానట్టు చూశాడు. “అవా? అందరికి పోతయ్. లిస్టు చేసి పెట్టిన, నూట ఇరవై మంది ఉంటరు. ఒక్కటే ఒత్తుడు.” ఒత్తి చూపించాడు కూడా. పక్క గదిలో నా ఫోన్ మోగింది.

నాకు కోపం రాలేదు రుహీ. ఆ లిస్టులో నేను ఎక్కడున్నానా అని చూడాలనిపించింది. చూడలేదు.

పక్క వాడలో ఉండే పూలమ్మ అనే ఆమెతో మాట్లాడి రెండు పూటలా వంటకు కుదిర్చాను. మందులు ఏవి ఎప్పుడో గోడకు రాసి అంటించాను. పోతున్నానని చెబితే అప్పుడు టీవీ ఆపాడు. మొదటిసారి నన్ను పూర్తిగా చూశాడు. “నువ్వు పోయి ఏం జేస్తవ్? నువ్వు గూడ ఒక్కదానివే గద. నీకు మాత్రం ఎవరున్నరు?”

ఆ ప్రశ్న నేను చాలా ఏళ్ళుగా నాకు నేను వేసుకుంటున్నదే. జవాబు లేదని అనుకునేదాన్ని. కానీ అతను అడిగేసరికి నోట్లోంచి వచ్చేసింది.

“నాకు ఉత్తరాలొస్తయ్” అన్నాను.

అతనికి అర్థం కాలేదు. వివరించలేదు. పెట్టె తీసుకొని రోడ్డు మీదికి వచ్చి బస్సు ఆపాను.

బస్సులో ఆ మాట తలుచుకుంటే నాకే భయమేసింది. ఉత్తరాలు వచ్చేది నీలవేణికి కదా, నాకు కాదు కదా అని. ఇక నీలవేణి లేదు. కల్పించడం కూడా నాకు చేతకాదు, ఆ నెల ఎలా వచ్చిందో తెలియదు. ఇకపై రాస్తే నా సంగతులే రాయాలి. అవి ఇలా ఉంటాయి. ఇవాళ ఆదివారం. పొద్దున వాన పడి ఆగింది. ఒక చీరకు ఫాల్ కుట్టాను, ఆకుపచ్చది. మధ్యాహ్నం పప్పు చేసుకొని తిన్నాను. ఎవరూ రాలేదు. ఇంతే.

ఇలాంటివి కూడా చదువుతావా?

సుల్తానా

---

నీళ్లబండ,
23 ఆగస్టు.

ఖాలమ్మకు, రుహీ ముద్దులు.

పిల్లలకు నిజం చెప్పేశాను, ఎంతవరకు చెప్పాలో అంతవరకు. కొందరు అలిగారు, ఇంకా అలకలోనే ఉన్నారు. భవాని మాత్రం నా బల్ల మీద ఒక జామకాయ పెట్టి పోయింది. నేను ఎత్తిన చెయ్యికి నిన్ను ఏమని క్షమించమనాలో తెలియక ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను.

ఆదివారం సంగతి చదివాను. రెండుసార్లు చదివాను, గొంతు మార్చకుండా, నా గదిలో, నా ఒక్కదాని కోసం. సరిగ్గా రాయలేదు నువ్వు. ఆకుపచ్చ అంటే ఏ ఆకుపచ్చ? వాన ఎన్నింటికి ఆగింది? పప్పు అంటే కందిపప్పా, పెసరపప్పా, అందులో చింతకాయ వేశావా, తోటకూర వేశావా? ఎంత మిగిలింది?

అన్నీ రాయి. పోస్టాయన మంగళవారం వస్తాడు.

రుహీ